జాంగో యాప్‌లో స్ట్రక్చర్డ్ లాగింగ్: మొదటి లైను నుంచి ప్రొడక్షన్ దాకా

"రాత్రి 9.40కి ఫీజు కట్టారట. ఖాతాలోంచి డబ్బు పోయింది, మన దగ్గర మాత్రం బాకీ ఉన్నట్టే చూపిస్తోంది." సపోర్ట్ నుంచి వచ్చిన ఈ ఫోన్‌తోనే నాకు లాగింగ్ (యాప్ చేసే పనులను లైన్లుగా రాసిపెట్టడం) మీద శ్రద్ధ మొదలైంది. అప్పట్లో నేను చూస్తున్నది కాలేజీ ఫీజులు కట్టించుకునే ఒక జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) యాప్. సర్వర్‌లోకి వెళ్లి లాగ్ ఫైల్ తెరిస్తే ఇలా ఉంది:

పేమెంట్ ఫెయిల్ అయింది
గేట్‌వే నుంచి జవాబు రాలేదు, మళ్లీ ప్రయత్నిస్తున్నాం
పేమెంట్ సక్సెస్
పేమెంట్ ఫెయిల్ అయింది

ఎవరి పేమెంట్? ఏ ఆర్డర్? రెండో లైనూ మూడో లైనూ ఒక్క మనిషివేనా? ఏదీ తెలియదు. పైగా 9.40 దగ్గర వెతికితే అసలు లైన్లే లేవు. సర్వర్ గడియారం యూటీసీలో (మనకంటే అయిదున్నర గంటలు వెనక ఉండే అంతర్జాతీయ సమయం) ఉంది. మన రాత్రి 9.40 అంటే అక్కడ సాయంత్రం 4.10. ఆ సంగతి తట్టేసరికే పావుగంట పోయింది. ఈ లైన్లు రాసింది నేనే. రాసేటప్పుడు నాకు అంతా అర్థమైంది, ఎందుకంటే కోడ్ ఎదురుగా ఉంది. రాత్రిపూట వెతికేవాడి ఎదురుగా కోడ్ ఉండదు, ఆ లైను ఒక్కటే ఉంటుంది.

అదే సంఘటన ఈ రూపంలో ఉండి ఉంటే:

{"ఈవెంట్": "పేమెంట్_ఫెయిల్డ్", "ఆర్డర్_ఐడీ": 48213, "యూజర్_ఐడీ": 1207, "రిక్వెస్ట్_ఐడీ": "90417725", "అమౌంట్_పైసే": 4500000, "రీజన్": "గేట్‌వే_టైమ్‌ఔట్", "డ్యూరేషన్_ఎంఎస్": 30012, "లెవెల్": "ఎర్రర్"}

స్ట్రక్చర్డ్ లాగింగ్ అంటే ఇంతే. లాగ్‌ను వాక్యంలా కాకుండా డేటాబేస్‌లో ఒక వరుసలా రాయడం. ఏ కాలమ్ మీదైనా వెతకొచ్చు, లెక్కపెట్టొచ్చు, కూడొచ్చు.

ఒక మాట. ఈ వ్యాసంలో కోడ్ పేర్లన్నీ తెలుగు అక్షరాల్లోనే రాశాను. మీరు టైప్ చేసేటప్పుడు వాటి మామూలు ఇంగ్లీషు స్పెల్లింగే వాడాలి. అండర్‌స్కోర్, చుక్క, బ్రాకెట్ ఉన్నవి ఉన్నట్టే పెట్టాను.

వాడేది జాంగో, దానికి తోడు స్ట్రక్ట్‌లాగ్ అనే లాగింగ్ లైబ్రరీ. పైథాన్‌తో వచ్చే లాగింగ్ మాడ్యూల్ 2003లో పైథాన్ 2.3తో వచ్చింది. జాంగోలో లాగింగ్ సెట్టింగ్ 2011లో 1.3తో చేరింది. రెండూ గట్టివే, కానీ రెండూ వాక్యాల కాలం నాటివి. స్ట్రక్ట్‌లాగ్ 2013 నుంచి ఉంది. పాతదాన్ని తీసేయమనదు, దాని పైన కూర్చుంటుంది. నేను దీన్ని ఎంచుకోవడానికి కారణం అదే.

మొదటి అడుగు: కోడ్ కంటే ముందు కాగితం

ఎడిటర్ తెరవకండి. రాత్రి ఫోన్ వస్తే మీరు అడిగే ప్రశ్నలు ఒక కాగితం మీద రాయండి. నావి ఇవి: ఈ ఆర్డర్‌కి ఏమేం జరిగింది? ఈ యూజర్‌కి చివరి గంటలో ఏ ఎర్రర్లు వచ్చాయి? గేట్‌వే టైమ్‌ఔట్లు ఎప్పటి నుంచి పెరిగాయి? ఏ పేజీ నెమ్మదిగా ఉంది, దాంట్లో డేటాబేస్ వాటా ఎంత?

ఒక్కో ప్రశ్నకు ఏ కాలమ్‌లు కావాలో పక్కనే రాస్తే మీ కీల (అంటే ఆ కాలమ్ పేర్ల) జాబితా తయారవుతుంది. దానికి కొన్ని నియమాలు పెట్టుకోండి. ఈవెంట్ పేరు ఎప్పుడూ స్థిరంగా ఉండాలి, అందులో ఐడీలు, పేర్లు కలపకూడదు. కొలత ఉంటే యూనిట్ కీలోనే చెప్పాలి: డ్యూరేషన్ అని వదిలేస్తే ఒకడు సెకన్లు పెడతాడు, ఇంకొకడు మిల్లీసెకన్లు పెడతాడు. డబ్బు పైసల్లో, పూర్ణాంకంగా ఉండాలి. ఒకే విషయానికి ఒకే కీ ఉండాలి. ఒక ఫైల్లో యూజర్_ఐడీ, ఇంకో ఫైల్లో యూఐడీ, మూడోదాంట్లో కస్టమర్ అని ఉంటే మళ్లీ మొదటికే వచ్చినట్టు.

ఇంకోటి, విలువ రకం మారకూడదు. లాగిన్ అయితే యూజర్_ఐడీలో 1207 అనే అంకె, కాకపోతే "అనానిమస్" అనే పదం పెట్టారనుకోండి. లాగ్‌లను దాచి వెతికిపెట్టే ఎలాస్టిక్‌సెర్చ్ ఆ కీని మొదట అంకెగా గుర్తుపెట్టుకుంటుంది, తర్వాత పదం వచ్చిన లైనును తీసుకోనంటుంది. లాగిన్ కానివాళ్ల లైన్లన్నీ చప్పుడు లేకుండా మాయం. లేని విలువకు నల్ పెట్టండి, లేదంటే కీనే వదిలేయండి.

రెండో అడుగు: ప్రాసెసర్ల వరుస

పిప్‌తో స్ట్రక్ట్‌లాగ్ ఇన్‌స్టాల్ చేశాక అర్థం చేసుకోవాల్సింది ఒక్కటే: ప్రాసెసర్లు. మేస్త్రీ దగ్గర కూలీలు వరుసగా నిలబడి ఒకరి చేతి నుంచి ఒకరికి ఇటుకలు అందిస్తారు చూడండి, అలాంటిదే. మీరు రాసిన లైను ఒక డిక్షనరీగా మొదటి ఫంక్షన్ చేతికి వెళ్తుంది. అది ఒక కీ చేర్చో, ఒకటి తీసేసో పక్కదానికి అందిస్తుంది. చివరి ఫంక్షన్ దాన్ని జేసన్‌గా (మొదట్లో చూసిన కీ-విలువల రూపం) మార్చి బయటికి వదులుతుంది.

సెట్టింగ్స్ ఫైల్లో స్ట్రక్ట్‌లాగ్.కాన్ఫిగర్ పిలిచి ఈ వరుస పెట్టండి:

1. ఫిల్టర్_బై_లెవెల్. అక్కర్లేని లెవెల్ లైన్లను గుమ్మంలోనే ఆపేస్తుంది. మిగతా పని దండగ కాకుండా ఇది ముందుండాలి.
2. మెర్జ్_కాంటెక్స్ట్‌వార్స్. ఈ రిక్వెస్ట్‌కి సంబంధించి దాచిన కీలను తెచ్చి కలుపుతుంది. మొత్తం వ్యవహారానికి గుండెకాయ ఇదే, నాలుగో అడుగులో చూద్దాం.
3. యాడ్_లాగ్_లెవెల్, యాడ్_లాగర్_నేమ్.
4. టైమ్‌స్టాంపర్. ఫార్మాట్ ఐఎస్ఓ, యూటీసీ ట్రూ.
5. మీరు సొంతంగా రాసే ముసుగు ఫంక్షన్. పాస్‌వర్డ్లు, ఓటీపీలు ఇక్కడ ఆగాలి.
6. చివర ప్రాసెసర్‌ఫార్మాటర్.రాప్_ఫర్_ఫార్మాటర్.

లాగర్_ఫ్యాక్టరీకి స్ట్రక్ట్‌లాగ్.ఎస్‌టీడీలిబ్.లాగర్‌ఫ్యాక్టరీ ఇవ్వండి, కాష్_లాగర్_ఆన్_ఫస్ట్_యూజ్ ట్రూ పెట్టండి.

సమయం విషయంలో చాలామంది "మనకి ఐఎస్‌టీ ఉంటే హాయి కదా" అంటారు. రాసేది యూటీసీలోనే రాయండి, చూసేటప్పుడు మార్చుకోండి. సర్వర్లు, డేటాబేస్, గేట్‌వే తలో టైమ్‌జోన్‌లో మాట్లాడితే ఆ అయిదున్నర గంటల తేడా, అందులోనూ ఆ అరగంట, అర్ధరాత్రి బుర్రను తినేస్తుంది. ఐఎస్ఓ రూపంలో టైమ్‌జోన్ కూడా లైన్లోనే ఉంటుంది కాబట్టి ఊహించాల్సిన పనిలేదు.

మూడో అడుగు: జాంగో సొంత లైన్లు కూడా ఇదే దారిలో రావాలి

ఎక్కువమంది జారిపడేది ఇక్కడే. మీ కోడ్ లైన్లు జేసన్‌లో వస్తాయి. జాంగో, సెలరీ, రిక్వెస్ట్స్ లాంటి లైబ్రరీల లైన్లు మామూలు వాక్యాల్లోనే వస్తాయి. సగం ఇది, సగం అది.

దీనికి జాంగో లాగింగ్ డిక్షనరీలో ఒక ఫార్మాటర్ పెట్టాలి. దాని క్లాస్ స్ట్రక్ట్‌లాగ్.ఎస్‌టీడీలిబ్.ప్రాసెసర్‌ఫార్మాటర్. దానికి రెండు జాబితాలు ఇవ్వాలి. ఫారిన్_ప్రీ_చైన్ అనేది బయటి లైబ్రరీల లైన్ల మీద ముందుగా నడిచే వరుస. పైన చెప్పిన 2 నుంచి 5 వరకు ప్రాసెసర్లను ఒక వేరియబుల్‌లో పెట్టుకుని ఇక్కడ కూడా అవే ఇవ్వండి. ఫిల్టర్_బై_లెవెల్ మాత్రం ఇందులో పెట్టొద్దు. అక్కడ దానికి లాగర్ (లైన్లు రాసే వస్తువు) అందదు, ఎర్రర్ కొడుతుంది. రెండో జాబితా ప్రాసెసర్స్: రిమూవ్_ప్రాసెసర్స్_మెటా, ఎక్సెప్షన్‌ను మార్చే ప్రాసెసర్, చివర జేసన్‌రెండరర్.

డెవలప్‌మెంట్‌లో జేసన్ చదవడం కంటికి శిక్ష. ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ చూసి లోకల్‌లో కన్సోల్‌రెండరర్, ప్రొడక్షన్‌లో జేసన్‌రెండరర్ వచ్చేలా చేయండి. కన్సోల్‌రెండరర్ ఎక్సెప్షన్లను తనే రంగుల్లో చూపిస్తుంది కాబట్టి లోకల్‌లో ఎక్సెప్షన్ ప్రాసెసర్ తీసేయాలి.

మిగిలినవి చిన్నవే, కానీ ఒక్కొక్కటీ ఒక సాయంత్రాన్ని మింగగలదు.

డిసేబుల్_ఎగ్జిస్టింగ్_లాగర్స్‌కు ఫాల్స్ పెట్టండి. రాయకపోతే డిఫాల్ట్ ట్రూ. అంతకు ముందే పుట్టిన లాగర్లన్నీ నోరు మూసుకుంటాయి, ఏ ఎర్రరూ రాదు.

జాంగో అనే లాగర్‌కు ఫ్రేమ్‌వర్కే ముందుగా ఒక కన్సోల్ హ్యాండ్లర్ (లైన్లను బయటికి పంపేది) తగిలించి ఉంచుతుంది, అది డీబగ్ ట్రూ ఉన్నప్పుడు పనిచేస్తుంది. మీరు రూట్ లాగర్‌కు (అన్ని లాగర్లకూ పైన ఉండేది) ఇంకో హ్యాండ్లర్ పెడితే లోకల్‌లో ప్రతి లైనూ రెండుసార్లు వస్తుంది. జాంగో లాగర్‌కు ఖాళీ హ్యాండ్లర్ల జాబితా, ప్రాపగేట్ (లైన్లను పై లాగర్‌కు పంపాలా అన్నది) ట్రూ ఇస్తే సరిపోతుంది. ఒక షరతు: అడ్మిన్లకు ఎర్రర్ మెయిల్స్ పంపే హ్యాండ్లర్ కూడా దాంతో పోతుంది. వాడుతుంటే తిరిగి చేర్చుకోండి. రన్‌సర్వర్ లైన్లు జాంగో.సర్వర్ అనే వేరే లాగర్ నుంచి వస్తాయి, దానికి ప్రాపగేట్ ఫాల్స్. లోకల్‌కే పరిమితం కాబట్టి నేను దాన్ని పట్టించుకోను.

జాంగో.రిక్వెస్ట్ లాగర్ 5తో మొదలయ్యే స్టేటస్‌లను ఎర్రర్‌గా, 4తో మొదలయ్యేవాటిని వార్నింగ్‌గా రాస్తుంది. ఇంటర్నెట్‌లో పెట్టిన ఏ సైట్‌కైనా వర్డ్‌ప్రెస్ లాగిన్ పేజీ ఉందేమోనని తలుపు తట్టే బాట్లు రోజంతా వస్తూనే ఉంటాయి. ఆ 404 వార్నింగ్‌ల కింద అసలైన వార్నింగ్‌లు కనబడవు. నేను ఈ లాగర్ లెవెల్‌ను ఎర్రర్‌కు పెంచేస్తాను. 404ల లెక్క మనం రాసుకునే లైన్లో ఎలాగూ ఉంటుంది.

నాలుగో అడుగు: రిక్వెస్ట్ ఐడీ మిడిల్‌వేర్

మొత్తం వ్యాసంలో ఒక్కటే చేస్తాం, మిగతావి తర్వాత అంటే, ఇది చేయండి.

ఒక రిక్వెస్ట్ లోపలికి వచ్చినప్పటి నుంచి జవాబు వెళ్లేదాకా రాసే ప్రతి లైన్లో ఒకే ఐడీ ఉండాలి. దాన్ని ప్రతి ఫంక్షన్‌కూ పారామీటర్‌గా మోసుకెళ్లక్కర్లేదు. పైథాన్ 3.7 నుంచి కాంటెక్స్ట్‌వార్స్ (నడుస్తున్న పనికి సంబంధించిన విలువలను పక్కన దాచే చోటు) ఉన్నాయి, స్ట్రక్ట్‌లాగ్ వాటిని వాడుకుంటుంది. మిడిల్‌వేర్ (ప్రతి రిక్వెస్ట్, దాని జవాబు గుండా వెళ్లే కోడ్) చేయాల్సిన పని వరుసగా:

1. క్లియర్_కాంటెక్స్ట్‌వార్స్ పిలవాలి.
2. ఎక్స్-రిక్వెస్ట్-ఐడీ హెడర్ ఉంటే తీసుకోవాలి, లేకపోతే యూయూఐడీ4తో యాదృచ్ఛికంగా కొత్తది చేయాలి.
3. బైండ్_కాంటెక్స్ట్‌వార్స్‌తో రిక్వెస్ట్_ఐడీ, మెథడ్ కట్టేయాలి.
4. పెర్ఫ్_కౌంటర్‌తో సమయం మొదలుపెట్టాలి.
5. గెట్_రెస్పాన్స్ పిలవాలి.
6. "రిక్వెస్ట్_ఫినిష్డ్" అనే ఒక లైను రాసి, జవాబు హెడర్‌లో అదే ఐడీ పెట్టి పంపాలి.

మొదటి అంశం మరిచిపోతే జరిగేది భయంకరం. గునికార్న్‌లో (జాంగో యాప్‌ను నడిపే సర్వర్) ఒకే థ్రెడ్ ఒకదాని తర్వాత ఒకటి రిక్వెస్ట్‌లను చూస్తుంది. శుభ్రం చేయకపోతే ముందు వచ్చినవాళ్ల యూజర్_ఐడీ తర్వాత వచ్చినవాళ్ల లైన్లకు అంటుకుంటుంది. లాగ్ లేకపోవడం కంటే అబద్ధం చెప్పే లాగ్ ప్రమాదం. ఒకరి ఫీజు ఇంకొకరు కట్టారేమోనని మేం సగం రోజు టెన్షన్ పడ్డాం. తీరా చూస్తే కట్టాల్సినవాళ్లే కట్టారు, లాగ్ ఒక్కటే తప్పు చెప్పింది.

రెండో అంశంలో బయటి హెడర్‌ను గుడ్డిగా నమ్మొద్దు. ఎవరైనా దాంట్లో పది పేజీల చెత్త పెట్టి పంపొచ్చు. పొడవు, అక్షరాలు చూసి, సరిగా లేకపోతే పారేసి కొత్తది చేయండి. యాప్‌కు ముందు ఎంజినెక్స్ వెబ్ సర్వర్ ఉంటే పని సులువు: దాని రిక్వెస్ట్_ఐడీ వేరియబుల్ 32 అక్షరాల ఐడీ తయారుచేసి ఇస్తుంది, దాన్నే హెడర్‌గా లోపలికి పంపిస్తే ఎంజినెక్స్ లాగ్‌కూ మన లాగ్‌కూ లంకె కుదురుతుంది.

పెర్ఫ్_కౌంటర్ ఎందుకు, టైమ్.టైమ్ చాలదా? సర్వర్ గడియారాన్ని ఎన్‌టీపీ (నెట్‌వర్క్ ద్వారా సమయం సరిచేసే పద్ధతి) సర్దితే ఆ రెండోది ముందుకో వెనక్కో జరుగుతుంది. మైనస్ వ్యవధులు అలా పుడతాయి.

మిడిల్‌వేర్‌ను జాబితాలో మొట్టమొదట పెట్టండి. అక్కడ ఒక చిక్కు ఉంది: యూజర్ ఎవరో అప్పటికి తెలియదు, ఆథెంటికేషన్‌మిడిల్‌వేర్ తర్వాత వస్తుంది. దాని కింద ఇంకో చిన్న మిడిల్‌వేర్ పెట్టి రిక్వెస్ట్.యూజర్.ఐడీ కట్టేస్తే సరిపోదా అనిపిస్తుంది. నేనూ అలాగే చేశాను. రిక్వెస్ట్.యూజర్ సోమరి వస్తువు. ముట్టుకునేదాకా నిద్రపోతుంది, ముట్టుకుంటే సెషన్ తెరుస్తుంది, డేటాబేస్‌ను అడుగుతుంది. సెషన్ తెరిచారు కాబట్టి జాంగో ఆ జవాబుకు వేరీ హెడర్‌లో కుకీ అని చేరుస్తుంది, అంటే కుకీని బట్టి ఈ పేజీ మారొచ్చని కాష్‌కు చెబుతుంది. అందరికీ ఒకేలా ఉండే పేజీల కాష్ కాస్తా దెబ్బతింటుంది. లాగిన్ తప్పనిసరి అయిన యాప్‌లో ఆ చిన్న మిడిల్‌వేర్‌తో ఇబ్బంది లేదు. పబ్లిక్ పేజీలు ఎక్కువ ఉంటే మాత్రం గెట్_రెస్పాన్స్ అయ్యాక, వ్యూ ఎలాగూ యూజర్‌ను తెరిచి ఉంటేనే తీసుకోండి. తెరిచి ఉంటే రిక్వెస్ట్ మీద _కాష్డ్_యూజర్ అనే ఆట్రిబ్యూట్ కనిపిస్తుంది.

ఐడీ వచ్చింది కదా, దాన్ని 500 ఎర్రర్ పేజీ మీద కూడా చూపించండి. "ఈ కోడ్ మాకు చెప్పండి" అని. 32 అక్షరాలు ఫోన్‌లో ఎవరూ చదవలేరు, మొదటి 8 చాలు. మొదటివే ఎందుకంటే చాలా టూల్స్‌లో మొదటి అక్షరాలతో వెతకడం తేలిక.

అయిదో అడుగు: రిక్వెస్ట్‌కు ఒక వెడల్పాటి లైను

"రిక్వెస్ట్_ఫినిష్డ్" లైను మీద కంజూసీ వద్దు. స్ట్రైప్ కంపెనీ వాళ్లు దీన్ని కెనానికల్ లాగ్ లైన్ అంటారు: రిక్వెస్ట్ గురించి తెలిసినదంతా చివర ఒకే లైన్లో. స్టేటస్, వ్యవధి, యూజర్_ఐడీ, రూట్, డేటాబేస్ క్వెరీల సంఖ్య, వాటికి పట్టిన సమయం.

క్వెరీలు లెక్కపెట్టడానికి జాంగో 2.0 నుంచి కనెక్షన్.ఎగ్జిక్యూట్_రాపర్ ఉంది. ఒక చిన్న ఫంక్షన్ రాసి, గెట్_రెస్పాన్స్ చుట్టూ విత్ బ్లాక్‌లో పెడితే ప్రతి క్వెరీ దాని గుండానే వెళ్తుంది. మొదటిసారి ఇది ఆన్ చేసిన రోజు ఒక సాదాసీదా జాబితా పేజీకి డీబీ_క్వెరీస్ 412 అని కనిపించింది. నెలల తరబడి "ఆ పేజీ కొంచెం స్లో" అనుకుంటూ గడిపేశాం. ఒక సెలెక్ట్_రిలేటెడ్ (సంబంధిత వరుసల్ని అదే క్వెరీలో తెచ్చేది) చేర్చితే 3కి దిగింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు.

రూట్ అంటే పాత్ కాదు. రిక్వెస్ట్.పాత్ రాస్తే "ఫీజు/48213", "ఫీజు/48214" అని లక్ష రకాలు వస్తాయి, ఒక్కోదానికి సగటు తీయలేరు. రిక్వెస్ట్.రిజాల్వర్_మ్యాచ్.రూట్ రాయండి, యూఆర్ఎల్ ఫైల్లో ఉన్న నమూనా వస్తుంది. గెట్_రెస్పాన్స్ తర్వాతే చదవాలి, ఏ నమూనాకూ సరిపోక వచ్చిన 404కి రిజాల్వర్_మ్యాచే ఖాళీగా ఉంటుంది. ఇంకో లాభం కూడా ఉంది: పాస్‌వర్డ్ రీసెట్ లింకుల్లో టోకెన్ పాత్‌లోనే ఉంటుంది, రూట్ రాస్తే అది లాగ్‌లోకి రాదు.

పెద్ద ఫైల్ డౌన్‌లోడ్‌లాంటి స్ట్రీమింగ్ జవాబులకు ఈ వ్యవధి నమ్మకూడదు. మిడిల్‌వేర్ పని అయిపోయాకే డేటా వెళ్లడం మొదలవుతుంది.

ఆరో అడుగు: వ్యూలో లైన్లు రాయడం

లాగ్ = స్ట్రక్ట్‌లాగ్.గెట్_లాగర్(__నేమ్__)
లాగ్.ఎర్రర్("పేమెంట్_ఫెయిల్డ్", ఆర్డర్_ఐడీ=ఆర్డర్.ఐడీ, రీజన్="గేట్‌వే_టైమ్‌ఔట్")

చేతికి అలవాటైన ఎఫ్-స్ట్రింగ్ మానుకోవడం మొదట్లో కష్టంగా ఉంటుంది. "ఆర్డర్ 48213 ఫెయిల్ అయింది" అని ఎఫ్-స్ట్రింగ్‌లో రాస్తే ప్రతి లైనూ వేరే ఈవెంట్ అవుతుంది, ఎన్నిసార్లు ఫెయిల్ అయిందో లెక్కపెట్టలేరు. రివ్యూలో నేను తిప్పి పంపే మొదటి తప్పు ఇదే.

లెవెల్స్ మీద టీమ్‌లో గొడవలు ఎప్పుడూ ఉంటాయి. నా కొలమానం ఒక్కటే: ఈ లైను కోసం రాత్రి ఎవరినైనా నిద్ర లేపాలా? లేపాలంటే ఎర్రర్. రేపు పొద్దున చూస్తే చాలంటే వార్నింగ్. యూజర్ ఓటీపీ తప్పు కొట్టడం, కార్డులో డబ్బు లేకపోవడం మన తప్పు కాదు, అది ఇన్ఫో.

ఎక్సెప్షన్ దగ్గర లాగ్.ఎక్సెప్షన్ వాడితే ట్రేస్‌బ్యాక్ (ఎర్రర్ ఏ ఫంక్షన్ల గుండా వచ్చిందో చూపే జాబితా) తనంతట తనే వస్తుంది. ఎవరూ పట్టుకోని ఎక్సెప్షన్‌ను మీ మిడిల్‌వేర్‌లో ట్రై-ఎక్సెప్ట్ పెట్టి పట్టుకుందామని చూస్తే దొరకదు. జాంగో దాన్ని లోపలే 500 జవాబుగా మార్చేసి పంపుతుంది. కంగారేం లేదు: జాంగో.రిక్వెస్ట్ లాగర్ దాన్ని ట్రేస్‌బ్యాక్‌తో సహా రాస్తుంది, మూడో అడుగు సరిగా చేసి ఉంటే ఆ లైన్లోనూ మీ రిక్వెస్ట్_ఐడీ ఉంటుంది.

ట్రేస్‌బ్యాక్‌ను జేసన్‌గా చేసే డిక్ట్_ట్రేస్‌బ్యాక్స్‌తో ఒక ప్రమాదం ఉంది. డిఫాల్ట్‌గా అది ప్రతి ఫంక్షన్‌లోని లోకల్ వేరియబుల్స్‌ను కూడా రాసేస్తుంది. లాగిన్ ఫంక్షన్‌లో ఎక్సెప్షన్ వస్తే పాస్‌వర్డ్ లాగ్‌లో తేలుతుంది. ఎక్సెప్షన్‌డిక్ట్‌ట్రాన్స్‌ఫార్మర్‌ను షో_లోకల్స్ ఫాల్స్‌తో తయారుచేసి, దాన్ని ఎక్సెప్షన్‌రెండరర్‌కు ఇచ్చి వాడండి.

ఏడో అడుగు: ముసుగు

2018 మేలో ట్విట్టర్ తన యూజర్లందరినీ పాస్‌వర్డ్ మార్చుకోమంది. హ్యాష్ చేయకముందే పాస్‌వర్డ్లు లోపలి లాగ్‌లో పడుతున్నాయని వాళ్లే గుర్తించారు. అంత పెద్ద కంపెనీకే జరిగింది.

మన ఫంక్షన్ డిక్షనరీలో కీలు చూసి పాస్‌వర్డ్, ఓటీపీ, టోకెన్, ఆథరైజేషన్, ఆధార్, పాన్, యూపీఐ_ఐడీ లాంటివి కనబడితే విలువ చోట చుక్కలు పెడుతుంది. ఫోన్ నంబర్‌కు చివరి నాలుగు అంకెలు ఉంచుతుంది. ఇది రెండో కాపలా మాత్రమే. పై అంచె కీలనే చూస్తుంది, లోపలి డిక్షనరీల్లోకి వెళ్లదు. మొదటి కాపలా అలవాటు: రిక్వెస్ట్.పోస్ట్, గేట్‌వే జవాబు లాంటి పెద్ద మూటల్ని అలాగే లాగ్‌కి ఇవ్వొద్దు. కావలసిన రెండు మూడు కీలు తీసి ఇవ్వండి.

జేసన్ వల్ల ఒక రక్షణ ఉచితంగా వస్తుంది. యూజర్ తన పేరు డబ్బాలో కొత్త లైను కొట్టి, కింద "పేమెంట్ సక్సెస్" అని రాసి పంపితే పాత లాగ్‌లో అది నిజమైన లైనులా కనిపించేది. జేసన్‌లో ఆ కొత్త లైను గుర్తుగా మారిపోతుంది, విలువ లోపలే ఉండిపోతుంది.

తెలుగు అక్షరాల సంగతి

మన యూజర్లు సెర్చ్‌లో తెలుగులో కొడతారు. జేసన్‌రెండరర్ డిఫాల్ట్‌గా తెలుగు అక్షరాన్ని అలాగే ఉంచదు, బ్యాక్‌స్లాష్‌తో మొదలయ్యే ఆరు అక్షరాల కోడ్‌గా మారుస్తుంది. "గుంటూరు"లో గుణింతాలు, సున్నా విడిగా లెక్కేస్తే ఏడు కోడ్‌పాయింట్లు. యూటీఎఫ్-8లో 21 బైట్లు, ఆ కోడ్ రూపంలో 42. సైజు సంగతి పక్కన పెట్టినా, గ్రెప్ కమాండ్‌తో "గుంటూరు" అని వెతికితే ఒక్కటీ దొరకదు. జేసన్‌రెండరర్‌కు ఎన్‌ష్యూర్_యాస్కీ ఫాల్స్ ఇవ్వండి.

అప్పటికీ కొన్ని దొరకకపోతే కారణం జీరో విడ్త్ నాన్ జాయినర్ కావచ్చు. "ఫోన్‌" లాంటి మాట చివర కీబోర్డులు పెట్టే కనిపించని గుర్తు అది. కంటికి రెండూ ఒకటే, కంప్యూటర్‌కు కాదు. సెర్చ్ పదాన్ని లాగ్ చేసే ముందు దాన్ని తీసేసిన రూపం ఒకటి వేరే కీలో పెట్టుకుంటే లెక్కలు సరిగ్గా వస్తాయి.

ఎనిమిదో అడుగు: సెలరీ

రసీదు మెయిల్ పంపడం సెలరీలో (పనులను వెనక విడిగా నడిపే లైబ్రరీ) జరుగుతుంది. అది వేరే ప్రాసెస్, మన కాంటెక్స్ట్ అక్కడికి రాదు. బిఫోర్_టాస్క్_పబ్లిష్ సిగ్నల్‌లో రిక్వెస్ట్_ఐడీని టాస్క్ హెడర్లలో పెట్టి, వర్కర్ వైపు టాస్క్_ప్రీరన్‌లో ముందు పాతది శుభ్రం చేసి, దీన్ని కట్టేయండి. సెలరీ వర్కర్ మొదలవుతూనే రూట్ లాగర్‌ను లాక్కుంటుంది. సెటప్_లాగింగ్ సిగ్నల్‌కు మీ ఫంక్షన్ తగిలించి అందులో మీ డిక్షనరీనే లోడ్ చేస్తే అది పక్కకు తప్పుకుంటుంది. ఇవన్నీ సొంతంగా రాయడం బరువనిపిస్తే జాంగో-స్ట్రక్ట్‌లాగ్ అనే ప్యాకేజీ ఉంది. ఒక్కసారైనా చేత్తో రాశాక వాడితే లోపల ఏం జరుగుతుందో తెలుస్తుంది.

తొమ్మిదో అడుగు: బయటికి పంపడం, వెతకడం

యాప్ ఫైళ్లలోకి రాయొద్దు. ఎస్‌టీడీఔట్‌కు (ప్రోగ్రామ్ మామూలుగా స్క్రీన్ మీదికి రాసే దారి) ఒక లైన్లో ఒక జేసన్ చొప్పున వదలండి, దాచే పని వేరేవాళ్లది. యాప్‌ను కంటైనర్లో నడిపే డాకర్ వాడితే రెండు సంగతులు. దాని డిఫాల్ట్ జేసన్-ఫైల్ డ్రైవర్ తనంతట తను పాత లాగ్ తీసేయదు, మాక్స్-సైజ్, మాక్స్-ఫైల్ పెట్టకపోతే ఒకరోజు డిస్క్ నిండి సైట్ పడిపోతుంది. అలాగే 16 కేబీ దాటిన లైనును ముక్కలు చేస్తుంది, ముక్కలు జేసన్ కావు. పొడవాటి ట్రేస్‌బ్యాక్‌లకు హద్దు పెట్టండి.

హెల్త్ చెక్ లైన్లను మిడిల్‌వేర్‌లోనే వదిలేయండి. స్టేటస్ 200 అయితే రాయొద్దు, కాకపోతే రాయండి. గునికార్న్ యాక్సెస్ లాగ్ డిఫాల్ట్‌గా ఆగే ఉంటుంది, ఆన్ చేసి ఉంటే ఆపేయండి, ఒకే విషయం రెండుసార్లు ఎందుకు.

చిన్న సర్వర్‌కు జేక్యూ (జేసన్ లైన్లను ఏరే కమాండ్) చాలు: ఆర్డర్_ఐడీ 48213 ఉన్న లైన్లు ఏరి, టైమ్, ఈవెంట్, రీజన్ మూడే చూపించమంటే ఆ ఆర్డర్ కథంతా వరుసగా వస్తుంది. సర్వర్లు ఎక్కువైతే, అన్నిటి లాగ్‌లనూ ఒకచోట దాచి వెతికే లోకీయో ఎలాస్టిక్‌సెర్చో. లోకీలో యూజర్_ఐడీ, రిక్వెస్ట్_ఐడీలను లేబుల్స్‌గా పెట్టకండి. ఒక్కో విలువకు ఒక్కో స్ట్రీమ్ పుట్టి అది మోకాళ్ల మీద కూలబడుతుంది. యాప్ పేరు, ఎన్విరాన్‌మెంట్, లెవెల్ లాంటివే లేబుల్స్, మిగతావి లైన్లోనే ఉంటాయి.

ఇండియాలో సర్వీసు నడుపుతుంటే ఎన్నాళ్లు దాచాలన్నది మీ ఇష్టం ఒక్కటే కాదు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు ఉంచాలి, గడియారాలు ఎన్‌టీపీతో సరిచూసుకోవాలి, సైబర్ సంఘటనను 6 గంటల్లో తెలియజేయాలి. డీబగ్ లైన్లను ఇందులోకి లాగకుండా మొదటి నుంచీ వేరే దారిలో పెడితే బిల్లు తగ్గుతుంది.

చివరగా టెస్ట్

లాగ్ లైను కూడా కోడే, విరిగితే తెలియాలి. స్ట్రక్ట్‌లాగ్.టెస్టింగ్‌లో క్యాప్చర్_లాగ్స్ ఉంది. విత్ బ్లాక్‌లో పేమెంట్ ఫంక్షన్ నడిపి, వచ్చిన జాబితాలో "పేమెంట్_ఫెయిల్డ్" ఉందా, దానికి ఆర్డర్_ఐడీ ఉందా చూడండి. ఇది ప్రాసెసర్ల వరుసను పక్కకు నెట్టేస్తుంది కాబట్టి ముసుగు ఫంక్షన్‌ను, రిక్వెస్ట్_ఐడీని విడిగా పరీక్షించాలి. ప్రతి లైనుకూ టెస్ట్ రాయక్కర్లేదు. డబ్బు, లాగిన్, అలర్ట్ ఆధారపడిన ఈవెంట్ పేర్లు, ఈ మూడింటికి రాస్తే చాలు. ఎవరో ఈవెంట్ పేరులో స్పెల్లింగ్ సరిచేశారని అలర్ట్ మూడు వారాలు మూగబోవడం నేను చూశాను.

ఏళ్లనాటి యాప్ ఉంటే అన్ని ఫైళ్లూ ఒకేసారి మార్చాలని కూర్చోకండి. ముందు రెండు నుంచి నాలుగు వరకు అడుగులు పూర్తిచేసి ప్రొడక్షన్‌కు పంపండి. పాత లాగర్.ఇన్ఫో లైన్లు ఫారిన్_ప్రీ_చైన్ గుండా వచ్చి, వాక్యాలుగానే ఉన్నా, రిక్వెస్ట్_ఐడీ తగిలించుకుని జేసన్‌లో బయటపడతాయి. తర్వాత పేమెంట్ ఫైలు. ఆ తర్వాత, ఏ ఫోన్ వచ్చినప్పుడు ఏ ఫైల్లో సమాధానం దొరకలేదో, ఆ ఫైలు.